వైకింగ్ అంకుల్ చూడని పడవలు

మా పక్కింటి అంకుల్ పోయారు. మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో తెలుగువాళ్లంతా వైకింగ్ అంకుల్ అని పిలుచుకునే మనిషి, డయాలసిస్ కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారు. ఆంటీ ఫోన్ చేసేటప్పటికి నేను వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ముగించి బయటికి వస్తున్నాను. "అమ్మాయ్, మీ అంకుల్ మోసం చేశారు" అన్నారు. వచ్చే నెలలో డెన్మార్క్ ప్రయాణం పెట్టుకుని ఇలా పోవడమేమిటి? నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ దిగలేదు.

తెనాలిలో పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. ఇక్కడ మనం చలికి వణికే జూలైలో అక్కడ ఎండ కాస్తుంది కదా, సెలవు దొరికిన తెలుగువాళ్లంతా యూరప్ విమానం ఎక్కుతారు. వాళ్లలో నార్వే, స్వీడన్, డెన్మార్క్ వెళ్లేవాళ్లు ముందుగా అంకుల్ గరాజ్‌లో కూర్చోవలసిందే. కారు బయట పెట్టించి, గోడకి మ్యాపు తగిలించి, వెయ్యేళ్ల కిందట ఆ దేశాల నుంచి పడవల మీద బయల్దేరిన వైకింగుల గురించి శనివారం సాయంత్రాలు పాఠం చెప్పేవారు. ఆయన మాత్రం ఆ దేశాల్లో ఒక్కదాన్నీ చూడలేదు. మెల్‌బోర్న్ వచ్చిన కొద్దికాలానికే కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ మెషీన్ పక్కన కూర్చోవలసిన మనిషి ఎక్కడికి పోతాడు?

"వాళ్లు దోచుకున్నారు, మనుషుల్ని పట్టుకెళ్లి అమ్మారు, కాదనను" అనేవారు. "కానీ అదొక్కటే చూసి వచ్చేయకండి. సేద్యం చేశారు, వ్యాపారం చేశారు, గొర్రె ఉన్నితో తెరచాపలు నేశారు. నేసింది ఆడవాళ్లు. పడవను చూసి నోరెళ్లబెట్టేటప్పుడు వాళ్లని కూడా ఓసారి తలుచుకోండి."

ఒకసారి మా వాడు, ఇక్కడే పుట్టినవాడు, "బట్ అంకుల్, వైకింగ్స్ హ్యాడ్ హార్న్స్" అన్నాడు. "కొమ్ములు ఎద్దుకి ఉంటాయి నాన్నా. మనిషికి పెట్టింది నాటకాలవాళ్లు, సినిమావాళ్లు" అన్నారు అంకుల్. కొమ్ముల టోపీ మాట ఎత్తితే చాలు, ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగివచ్చిన ఒక కుటుంబంతో చాలాకాలం ముభావంగానే ఉన్నారు.

నాకు సెలవున్న రోజుల్లో ఆయన్ని ఆస్పత్రికి నేనే తీసుకెళ్లేదాన్ని. దారి పొడవునా డెన్మార్క్‌లోని రోస్కిల్డె అనే ఊరి కబుర్లే. వెయ్యేళ్ల కిందట శత్రువులు సముద్రం మీద వస్తారని భయపడి, ఆ ఊరివాళ్లు పాత పడవల్లో రాళ్లు నింపి, నీటిదారికి అడ్డంగా తామే ముంచేశారట. వాటినే ఇప్పుడు పైకి తీసి, ముక్కలు కూర్చి నిలబెట్టారట. "చూశావా, ముసలి పడవలే ఊరిని కాచాయి. మీ ఆంటీకి చెప్పు, నన్ను పారెయ్యొద్దని" అని నవ్వేవారు.

ఒక రోజు నవ్వలేదు. ఆ వారం ఆయన ఒంట్లో ఏమీ బాగాలేదు. కారు ఆపాక సీటు బెల్టు తీసుకోబోతే వేళ్లకి బటన్ నొక్కే సత్తువ లేదు. "అమ్మాయ్, వాటిని తీయడానికి వెయ్యేళ్లు పట్టింది. నాకంత టైం లేదు. ఒక్కసారి తీసుకెళ్లండమ్మా నన్ను. చూసి పోతాను" అన్నారు. అంత పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని బతిమాలారు. నేను బెల్టు తీసి, తలుపు తెరిచాను.

ఏళ్ల తరబడి ప్రయాణం వద్దంటూ వచ్చిన డాక్టరు ఈ ఏడాది ఒప్పుకున్నాడు. డెన్మార్క్‌లో ఒక ఆస్పత్రివాళ్లు ఆయనకు మెషీన్ ఇస్తామన్నారు. ఆ కబురు చెప్పడానికి అంకుల్ చెప్పుల్లేకుండా మా ఇంటికి వచ్చారు. "దొరికిందమ్మా. మెషీన్ దొరికింది" అని గుమ్మంలోనే కూర్చుండిపోయారు. మూడు కుటుంబాలం కలిసి టికెట్లు కొన్నాం. పడవలు చూడటమే కాదు, పాత పద్ధతిలో కట్టిన పడవలో తెడ్లు వేయడానికి కూడా అంకుల్ అందరి పేర్లూ రాయించారు.

అంత్యక్రియల రోజు జరిగింది చెప్పకుండా ఉండలేను. ఆయన దగ్గర పాఠం విన్న కుర్రాళ్లు కొందరు, గౌరవం అనుకుని, ప్లాస్టిక్ కొమ్ముల టోపీ తెచ్చి ఆయన్ని ఉంచిన పెట్టె మీద పూలదండల మధ్య పెట్టారు. వాళ్ల కళ్లనిండా నీళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. తీసి అవతల పారేయబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీయమ్మా" అన్నారు నెమ్మదిగా. "ఆ కోపంతోనైనా లేస్తారేమో."

కాసేపు నిజంగానే పెట్టె వైపు చూశాం ఇద్దరం.

ఏడాది తిరక్కుండా దూర ప్రయాణాలేమిటని బంధువులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆంటీ వినలేదు. "ఆయన్ని ఎలాగూ తీసుకెళ్లలేకపోయాం. నేనైనా చూడకపోతే ఆ మనిషి ఆశ ఎక్కడికి పోతుంది?" అన్నారు. వెళ్లాం. రోస్కిల్డె మ్యూజియంలో నల్లబడిన ఆ పడవ చెక్కల ముందు ఆంటీ చాలాసేపు నిలబడ్డారు.

తర్వాత పడవ ఎక్కాం. బల్లకి ఇద్దరు, చెరో వైపు ఒక తెడ్డు. ఎడమవైపు అంకుల్ పేరున రాయించిన చోటు ఖాళీగా ఉంది. అక్కడ తాను కూర్చుంటానని పడవ నడిపే అమ్మాయి అంది. ఆంటీ తల అడ్డంగా ఊపి, చీర మీద వేసుకున్న స్వెటర్ చేతులు పైకి లాక్కుని, వెళ్లి ఆ చోట్లో కూర్చున్నారు. ఆవిడ తెడ్డు నీళ్లలోకి దిగేది కాదు, పైపైనే కొట్టుకునేది. పడవ ఎడమకి తిరిగిపోయింది. ఆ అమ్మాయి సరిచేసింది. మళ్లీ ఎడమకే తిరిగింది.

"ఎందుకమ్మా, ఇటే పోతోంది?" అన్నారు ఆంటీ రొప్పుతూ.

ఆవిడ రెండు చేతులతో ఆ తెడ్డును పట్టుకుని లాగుతూనే ఉన్నారు.