ముందు నేను బిగించింది

కంకిపాడులో మా కొత్తింటికి కెమెరాలు పెట్టడానికొచ్చిన ఆయన పేరు గుర్తులేదు గానీ, ఆయన మాట మా ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజు వరండా కెమెరా ఎంతకీ పనిచేయలేదు. గోడలోపలే కేబుల్ తెగిందని తేల్చేసి మావారు సుత్తి తెచ్చారు. నిన్నగాక మొన్న రంగులేసిన గోడ! నా ప్రాణం ఉసూరుమంది.

"ఆగండి సార్, ముందు నేను బిగించింది చూద్దామండీ" అంటూ ఆయన కేబుల్ కొసన తను వేసిన గాజులాంటి ప్లాస్టిక్ కనెక్టర్‌ని వెలుతురుకేసి పట్టి చూశాడు. లోపల నారింజరంగు తీగ చివరిదాకా అందలేదు.

"తప్పు నాదేనమ్మా" అని నవ్వి, దాన్ని కత్తిరించేసి కొత్తది నొక్కి బిగించాడు.

హాల్లో టీవీ మీద బొమ్మ వచ్చింది. చెక్కుచెదరని నా గోడ, దానిముందు సుత్తితో మావారు.

"అది దించెయ్యండి సార్" అని కేకేశాడాయన. "రికార్డవుతోంది!"