ఎడమ వెనక చక్రం

వెర్లిన్ స్ట్రౌడ్ మొదట మనిషి ముఖం చూసేవాడు కాదు. ఎవరైనా కొత్తగా మా జాస్పర్ వెల్స్ శిబిరంలోకి తమ ట్రైలరు ఇంటిని లాక్కుని వస్తే, మాటా పలుకూ లేకుండా తిన్నగా చక్రాల దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చునేవాడు. టైరు మీద అరచేయి ఆనించి ముందుకోసారి, వెనక్కోసారి నిమిరేవాడు. ఆ తర్వాతే ఆ ఇంటివాళ్లకి పలకరింపైనా, చీవాట్లైనా.

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు. నడుమ అరిగితే ఎక్కువైనట్టు. అక్కడక్కడా గుంటలు పడితే చక్రం బ్యాలెన్సు తప్పినట్టో, బేరింగు వదులైనట్టో. ఒకవైపు నిమిరితే నున్నగా, తిరగనిమిరితే గరుగ్గా తగిలిందంటే చక్రం తిన్నగా పోకుండా పక్కచూపు చూస్తోందన్నమాట. లోపలి అంచు ఒక్కటే అరిగితే మాత్రం వెర్లిన్ లేచి, ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుని, ఒకే ఒక్క మాట అడిగేవాడు.

“ఏం మోస్తున్నావు?”

అందరూ అబద్ధమే చెప్పేవాళ్లు. ఉత్తరాది చలి తప్పించుకోవడానికి మా ఆరిజోనా ఎడారికి వచ్చే ముసలివాళ్లకి ఇక్కడ ఒకటే పిచ్చి. పొద్దున్నే సుత్తి పట్టుకుని బయల్దేరి రంగురాళ్లు ఏరుకొస్తారు. మంచం కింద దాస్తారు. మళ్లీ మర్నాడు బయల్దేరతారు. టూమీ అనే పెద్దమనిషి ఓసారి, “ఏముంటాయ్ వెర్లిన్, నాలుగు బట్టలు” అన్నాడు.

“బట్టలకి ఇరుసు వంగదు బాబూ. నీ మంచం కింద కొండ ఉంది. దింపు.”

టూమీ నెల రోజులు వెర్లిన్‌తో మాట్లాడలేదు. రాళ్లు మాత్రం దింపాడు.

ఈ శిబిరంలో ఉత్తరాల గదీ, బట్టలుతికే యంత్రాల గదీ పద్నాలుగేళ్లుగా నా చేతిలో ఉన్నాయి. ఎవరికి పిల్లల దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయో, ఎవరి మంచం మీద ఇద్దరు కాక ఒక్కరే పడుకుంటున్నారో నాకు చెప్పకుండానే తెలుస్తుంది. నెల్డాకి తెలియని సంగతి లేదని అందరూ దెప్పుతారు. అంత తెలిసినదాన్ని ఆర్డిత్ సంగతి కనిపెట్టలేకపోయాను. అందుకు నామీద నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

ఆర్డిత్ వెర్లిన్ భార్య. పొడుగు మనిషి, పెద్ద గొంతు. ప్రతి గురువారం శిబిరంలో అందరం తలో వంటకం తెచ్చుకుని కలిసి తింటాం. ఆమె పీచ్ పళ్లతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం కోసం మగవాళ్లు కూర మానేసి కడుపులో చోటు ఉంచుకునేవాళ్లు. ఆ ఇద్దరూ అయోవాలో ఇల్లమ్ముకుని పంతొమ్మిదేళ్లుగా రోడ్డు మీదే కాపురం చేస్తున్నారు. చలికాలం ఇక్కడ, ఎండాకాలం మొంటానా కొండల్లో. గోడలు కదలని ఇంట్లో తనకి ఊపిరాడదని ఆర్డిత్ అనేది. కదలలేని రోజు రాకూడదన్నదే ఆ ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క భయం. తక్కినవేవీ వాళ్లు లెక్కచేసేవాళ్లు కాదు.

రెండేళ్ల కిందట వాళ్ల సొంత ట్రైలరుకే ఎడమ వెనక టైరు లోపలి అంచు అరగడం మొదలైంది.

వెర్లిన్ టైరు మార్చాడు. కొత్తదీ అలాగే అరిగింది. గాలి తక్కువనుకుని పొద్దునా సాయంత్రం గాలి చూశాడు. బేరింగులు మార్చాడు. కమాను కట్టలు విప్పి కొత్తవి బిగించాడు. ఫీనిక్స్ దాకా తీసుకెళ్లి ఇరుసు సరిచేయించుకొచ్చాడు. మరుసటి ఏడు మొంటానా వెళ్లి వచ్చేసరికి టైరు లోపలి తీగలు బయటపడ్డాయి. రోడ్డు మీద వేగంలో అది పేలితే ట్రైలరు అడుగు చీల్చుకుని లోపలికే వస్తుంది. ట్రైలరు బోర్లాపడితే ముందుండి దాన్ని లాగే పికప్ బండినీ లాక్కుపోతుంది. అది మా అందరికీ నేర్పినవాడే వెర్లిన్.

ఒకరోజు ఉతికే గదిలోకి వచ్చి నా ముందు టైర్ల కంపెనీలన్నిటినీ వరసబెట్టి తిట్టాడు. నాకు ఒళ్లు మండింది.

“ఊళ్లోవాళ్లందరికీ చెప్పేదే నువ్వూ చెయ్యరాదూ? లోపలేముందో చూసుకో.”

“నా ఇంట్లో ఏముందో నాకు తెలీదా నెల్డా?”

“టూమీ కూడా అదే అన్నాడు.”

“టూమీతో పోలుస్తావా నన్ను? నా పనిముట్లు కూడా తీసి పికప్‌లో పెట్టుకున్నా. లారీల కాటా మీద తూయించా. మొత్తం బరువు లెక్కలోనే ఉంది. ఇక చాలా?”

ఆ మొత్తం బరువే అతన్ని ముంచింది. కాటా బండి మొత్తాన్ని తూస్తుంది గానీ ఏ చక్రం మీద ఎంతుందో చెప్పదు. ఈ మాట అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. తన దగ్గరికి వచ్చేసరికి అడ్డం తిరిగాడు.

ఇంకొకటి కూడా ఉంది. మా ట్రైలరు కాపురాలలో ఒక కట్టుబాటు ఉంది. ఇరవై నాలుగడుగుల పెట్టెలో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ బతకాలంటే ఎక్కడో ఒకచోట తలుపు వేసుకోవాలి కదా. అందుకని మంచం కింది అరల్లో ఒకటి మగవాడిది, ఒకటి ఆడదానిది. ఒకరి అర ఒకరు తెరవరు. చనిపోయిన మొగుడి అరను మూడేళ్లు ముట్టుకోని వాళ్లున్నారు ఇక్కడ. నేనూ ముట్టుకోలేదు.

మార్చిలో ఇదాహో నుంచి ఒక జంట వచ్చింది. చక్రానికి చక్రం విడిగా తూచే పలకలు వాళ్ల దగ్గర ఉన్నాయి. వెర్లిన్ మొదట ఎగతాళి చేశాడు. ఏప్రిల్ దగ్గరపడుతోంది, ఎండ ముదరక ముందే బయల్దేరాలి. చివరికి మూతి ముడుచుకునే ట్రైలరును పలకల మీదికి ఎక్కించాడు. ఎడమ వెనక చక్రం మీద మూడువందల యాభై పౌన్లు ఎక్కువ వచ్చింది.

మంగళవారం ఆర్డిత్ శిబిరం వ్యానులో సరుకులకి వెళ్లాక వెర్లిన్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

“నెల్డా, నువ్వోసారి రావాలి. ఎడంవైపు ఉన్నది దాని అరే. నేను తెరవను. నువ్వు ఆడదానివి, నువ్వు తెరిస్తే వేరు.”

“తెరిచాక నన్ను చంపుతుంది.”

“చంపనీ. టైరు బతుకుతుంది.”

నవ్వుకుంటూనే వెళ్లాం. పరుపు పైకెత్తి చెక్క తీశాను. లోపల పీచ్ పళ్ల డబ్బాలు. ఒకదానిమీద ఒకటి, మూల దాకా, ఒకటే రకం, ఒకటే బొమ్మ. అడుగువి ఉబ్బి ఉన్నాయి. నేను తీస్తూనే ఉన్నాను, అతను అందుకుని నేలమీద పెడుతూనే ఉన్నాడు. ఇల్లంతా నిండిపోయి కాలు పెట్టే చోటు లేకపోయింది. నూట డెబ్భై పైచిలుకు.

వెర్లిన్ పకపకా నవ్వాడు. “పీచ్ పళ్లా! రెండేళ్లు నా టైరుని తిన్నది పీచ్ పళ్లా! చూశావా, ఇరుసు మంచిదే, నేను చేసినదాంట్లో తప్పులేదు...”

నవ్వు మధ్యలో ఆగింది. చేతిలో డబ్బా తిప్పి చూశాడు. ఆర్డిత్ కాబ్లర్ చేసి ఎన్నాళ్లయిందో నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఏడాది పైనే. ప్రతి గురువారం అడిగేవాళ్లం, ‘వచ్చేవారం’ అనేది. బద్ధకించిందిలే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! ప్రతి మంగళవారం డబ్బాలు కొంది, దాచింది, మరిచిపోయింది, మళ్లీ కొంది.

“రోజంతా ఎవరిదో ఒకరి బండి కింద పడుకునుంటా నేను” అన్నాడు వెర్లిన్. “ఎవరిదో ఒకరి బండి కింద.”

అప్పుడే వ్యాను ఆగిన చప్పుడైంది. సర్దే వ్యవధి లేదు. ఆర్డిత్ సంచితో మెట్లెక్కి వచ్చి నేలమీద డబ్బాల్ని చూసింది.

“ఎవరివి ఇవన్నీ?”

ఆమె సంచిలో ఆరు పీచ్ డబ్బాలు ఉన్నాయి. తర్వాత ఎత్తి ఉన్న పరుపు కనిపించింది. ముఖం ఎర్రబడింది.

“నా అర ఎవరు తెరిచారు?”

డబ్బాలు గుర్తులేవు గానీ ఆ కట్టుబాటు గుర్తుంది. నేనే తెరిచానని చెప్పాను. అయోవాలో ముప్పై ఏళ్లు ఆవుల పాలు పిండిన చేయి ఆమెది, ఎముక విరిగేంత గట్టిగా నా మణికట్టు పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్లింది. “పరాయి ఇంట్లో దూరతావా? సిగ్గులేదూ!” పరాయి ఇల్లట. ఇంటికొచ్చి ఏడ్చాను. కోపంతోనో దుఃఖంతోనో నాకే తెలియదు.

పట్నంలో డాక్టరు ఆర్డిత్‌ని పరీక్ష చేసి, ఈ మతిమరుపు పెరిగేదే గానీ తగ్గేది కాదని చెప్పాడు. వెర్లిన్ ఒప్పుకోలేదు. డబ్బాలు తీసేశాడు కదా, కొత్త టైరు వేశాడు కదా, అన్ని చక్రాల మీదా బరువు సమానంగా వచ్చింది కదా. ఏప్రిల్ రెండో వారం ఆమెను ఎక్కించుకుని మొంటానాకి బయల్దేరాడు. అందరం చేతులూపి పంపాం.

మూడోరోజే తిరిగొచ్చారు. నెవాడాలో పెట్రోలు పోయించి, వెర్లిన్ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లాడట. వచ్చేసరికి ఆర్డిత్ లేదు. పక్కన ఆగిన ఎవరిదో ట్రైలరులో దూరి, మంచం మీద కూర్చుని, తన సామానంతా ఎవరు మార్చారని ఆ ఇంటావిడను తిడుతోంది. పరుపెత్తి చెక్క కూడా తీసిందట.

“అన్నీ ఒకలాగే ఉంటాయిగా నెల్డా, మన ఇళ్లు” అన్నాడు వెర్లిన్. “ఎవరైనా పొరబడతారు.”

“పడతారు” అన్నాను.

మర్నాడు అతను జాకీ పెట్టి ట్రైలరును లేపి, దిమ్మెల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ విప్పేశాడు. టూమీ సాయం చేయబోతే వద్దన్నాడు. ఆఖరు చక్రం దగ్గర చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మేము మా మా ఇళ్లలోకి వెళ్లి కిటికీ తెరలు వేసుకున్నాం. అంతకన్నా చేయగలిగింది లేదు.

ఇప్పుడు జూన్. పొద్దున తొమ్మిదికే నిప్పులు కురుస్తాయి. చలికాలపు వాళ్లంతా వెళ్లిపోయారు. శిబిరంలో పట్టుమని పది ఇళ్లు లేవు. తెల్లవారగానే ఆర్డిత్ బెల్టు పెట్టుకుని పికప్ ముందు సీట్లో కూర్చుంటుంది. బయల్దేరే రోజు అంటుంది. దింపాలని చూస్తే అరుస్తుంది. అందుకని వెర్లిన్ రోజూ ట్రైలరు తగిలించని ఒట్టి పికప్ తీసి, ఆమెను కూర్చోబెట్టుకుని, శిబిరం చుట్టూ ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాడు.

నిన్న నా గది ముందు ఆపారు. ఆర్డిత్ అద్దం దించింది. నామీద కోపం ఎప్పుడో మరిచిపోయింది. దేవుడు నాకు మిగిల్చిన మేలు అదొక్కటే.

“వెళ్లొస్తాం నెల్డా! ఈసారి బండి చూశావా, ఎంత సాఫీగా వస్తోందో! అటూ ఇటూ ఊగడమే లేదు. వెనక ఏమీ లేనట్టే ఉంది. ఈ ముసలాడు ఎట్టకేలకి ఆ టైరు సంగతి తేల్చాడే!”

వెర్లిన్ స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

“తేల్చాడమ్మా” అన్నాను. “జాగ్రత్తగా వెళ్లిరండి.”

ఆమె పక్క అద్దంలో వెనక్కి చూసి, దారి ఖాళీగా ఉంది పోనీయ్ అన్నట్టు చేయి ఊపింది. వెర్లిన్ బండి కదిపాడు. మలుపు దగ్గర, వెనక ఇరవై నాలుగడుగుల ఇల్లు ఉన్నవాడిలాగే, బాగా ఎడంగా వెళ్లి మెల్లగా తిరిగాడు.