కాగితం కప్పులో ఎర్ర కందులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో పదకొండేళ్లుగా ఒకటే పని చేస్తున్నాను. విత్తన కంపెనీలు కొత్త రకం పంటను తయారుచేసుకుంటే, అది తమదేనని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి కదా, ఆ దరఖాస్తులు నింపడం నా పని. ఆకు ఎలా ఉంటుంది, పువ్వు రంగేమిటి, మిగతా రకాల నుంచి దీన్ని విడదీసే గుర్తు ఏది, ఇవన్నీ కంపెనీ పంపిన కాగితాల్లోంచి ఎత్తి గళ్లలో పెడతాను. వరి, పత్తి, మిరప, మొక్కజొన్న, ఎన్ని రకాలు నా చేతి మీదుగా వెళ్లాయో లెక్కలేదు. వాటిలో ఒక్క మొక్కనైనా కంటితో చూసిన పాపాన పోలేదు. పుట్టింది గుంటూరు వైపు, పెరిగింది కూకట్‌పల్లి కాలనీలో. మట్టికీ నాకూ ఉన్న సంబంధం బాల్కనీలో తులసి కుండీ వరకే.

మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఆమెది వికారాబాద్ వైపు ఒక పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భర్త కోకాపేటలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. ఊళ్లో రెండెకరాల మెట్ట చెలక ఉంది, అత్త చూసుకుంటుంది, విత్తేటప్పుడూ కోసేటప్పుడూ ఈమె సెలవు పెట్టి వెళ్తుంది. ఒక చలికాలం మధ్యాహ్నం ఉడకబెట్టిన కందికాయలు డబ్బాలో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇంత తియ్యగా ఉన్నాయేమిటని అడిగితే అప్పుడు చెప్పింది. తొమ్మిదేళ్ల కిందట ఎండు తెగులు వచ్చి చేనంతా నిలువునా ఎండిపోతే, ఒక్క చెట్టు మాత్రం పచ్చగా నిలబడిందట. దాని గింజలు విడిగా దాచింది. మరుసటేడు విడిగా విత్తింది. అందులో బాగున్న చెట్లవే మళ్లీ ఏరింది. అలా ఏటేటా ఏరుకుంటూ వస్తే, ఇప్పుడు ఊళ్లో సగం మంది ఆ కందే వేస్తున్నారట.

"దాని పేరేమిటి?" అన్నాను.

"పేరేంది మేడం? మా కంది అంటం." ఒక కాయ ఒలిచి నా ముందు పెట్టి, "పేరు గాయన పెట్టిండు" అంది.

గాయన అంటే వాళ్ల దగ్గరి టౌనులో విత్తనాల దుకాణం ఆయన. ఆమె మరిది దగ్గర రెండు బస్తాల కందులు కొన్నాడట, తినడానికనే అనుకున్నారట. మరుసటేడు అవే గింజలు రంగుల ప్యాకెట్లలో, ఆయన పెట్టిన పేరుతో దుకాణంలో వేలాడాయి. నాకు ఒళ్లు మండింది. రోజంతా కంపెనీల తరఫున వాదించే దాన్ని, ఒక్కసారిగా రైతు పక్షం అయిపోయాను. ఇలా తయారుచేసుకున్న రకాన్ని రైతు కూడా తన పేరున నమోదు చేయించుకోవచ్చని, దానికి రుసుము కట్టనక్కర్లేదని చెప్పాను. అదే ముందు ఆయన చేయించుకుంటే? అప్పుడూ ఆమె తన గింజ దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకి ఇచ్చుకోవచ్చు. పేరు పెట్టి ప్యాకెట్ వేసి అమ్మే హక్కు మాత్రం ఆయనది అవుతుంది. తొమ్మిదేళ్లు వంగి ఏరిన మనిషి తన విత్తనాన్ని తనదని చెప్పుకోలేదు.

"ఫికర్ పెట్టుకోకు, నేను చూసుకుంటాగా" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

భోజనాల విరామాల్లో కూర్చుని దరఖాస్తు నింపాం. విడదీసే గుర్తు దగ్గరికి వచ్చాక ఆమె, "గింజ తెల్లగుంటది మేడం. కన్ను సుట్టు సన్నగ నల్ల గీత ఉంటది, కాటుక పెట్టినట్టు" అంది. 'గింజ కన్ను చుట్టూ ముదురు వలయం' అని టైపు చేశాను. కన్నంటే గింజ కాయకు అంటుకుని ఉండే చోటు. గింజ చూపించమని అడగలేదు. కంపెనీలను ఎన్నడూ అడగలేదు కనుక ఆమెనూ అడగాలని తోచలేదు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీలోగా విత్తనం పంపాలి, ఇంత బరువు ఉండాలి. దాన్ని వాళ్ల మడుల్లో విత్తి చూస్తారు. మిగతా రకాలకు భిన్నంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా రావాలి. ఏవో కొన్ని తేడా మొక్కలు వస్తే సర్దుకుంటారు, అంతకు మించితే దరఖాస్తు పోయినట్టే. తేదీ దాటితే విత్తే అదను దాటుతుంది, ఇంకో ఏడాది ఆగాలి.

మే నెల. కొరియర్ వాడు మా భవనానికి చివరిసారి వచ్చేది సాయంత్రం ఆరింటికి. ఆ రోజు పంపితేనే తేదీలోగా చేరుతుంది. ఆమె ఊరి నుంచి పొద్దున్నే రావలసింది, బస్సు దారిలో చెడిపోయి మధ్యాహ్నం మూడున్నరకు చేరింది. చెమటతో తడిసిన ముఖంతో గుడ్డసంచి నా చేతుల్లో పెట్టింది. క్యాంటీన్‌లో ఒక మూల బల్ల మీద మూతి విప్పి చూశాను. తెల్లటి గింజల మధ్య ఎర్రటివి. ఒకటీ అరా కాదు, ఎక్కడ చూస్తే అక్కడ.

"ఏంటిది? ఒకే రకం ఉండాలని నీకు పదిసార్లు చెప్పానా లేదా?" క్యాంటీన్ మొత్తం తిరిగి చూసేలా అరిచాను.

ఆమె సంచిలోకి తొంగిచూసి తల పట్టుకుంది. "అత్తమ్మ పోసింది మేడం. నేను బస్సుకని తయారైతుంటే పోసినట్టుంది. విత్తనం ఒంటిగ గడప దాటొద్దంటది. పాత కంది గరిటెడు తోడు పెట్టాల్నంటది. ఎవలకిచ్చినా గట్లనే ఇస్తది."

తొమ్మిదేళ్ల పనిని ఆ ముసలమ్మ గరిటెడు దీవెనతో ముంచేలా ఉంది. ఆవిడను తిట్టుకుంటూనే క్యాంటీన్ నుంచి రెండు స్టీలు పళ్లాలు అడిగి తెచ్చాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. ఐదింటికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ వచ్చి, డ్యూటీ టైములో ఈ కందులేంటని ఆమెను గద్దించాడు. నేనే చెప్పానని అన్నాను. "అరగంట, అంతే మేడం" అని గడియారం చూపించి పోయాడు. నేను ఒక్కో గింజనే పట్టి చూసి ఏరుతున్నాను. ఆమె వేళ్లు మాత్రం గింజల మీద చకచకా తిరుగుతున్నాయి, చూడకుండానే ఏరుతున్నట్టు.

కాసేపటికి గమనించాను. ఆమె ఎర్ర గింజలన్నీ ఒకచోట వెయ్యడం లేదు. కొన్ని పళ్లెం అంచుకు నెడుతోంది, కొన్ని కాగితం కప్పులో వేస్తోంది.

"అవి వేరే ఎందుకు?"

"కప్పులయి మనయే మేడం. కోతల ముంగట వాన పడ్డది కదా, తడిసి ఎర్రవడ్డయి. గవి పాతయి."

"రెండూ ఎర్రగానే ఉన్నాయి కదా?"

"కన్ను సూడుండ్రి. మనదానికి గీత ఉంటది."

చూశాను. ట్యూబ్‌లైటు కింద చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండలో చూశాను, కళ్లజోడు తీసి చూశాను. నాకు గీత లేదు, గాడిద గుడ్డూ లేదు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. దరఖాస్తులో నా చేత్తో నేనే రాసిన గుర్తు అది.

డిస్పాచ్ దగ్గరున్న తూకం మీద పెట్టాం. తెల్లవి మాత్రమే అయితే అరవై గ్రాములు తక్కువ. కప్పులోవి కూడా పోస్తే సరిగ్గా సరిపోయింది. ఆమె ముఖం విప్పారింది. "సూసిండ్రా మేడం, సరిపోయింది" అంది. నేను సరే అన్నాను. ఇంతలో సూపర్‌వైజర్ మళ్లీ వచ్చాడు, మీటింగ్ రూంలో ఎవరో కాఫీ ఒలకబోశారట. ఆమె లేస్తూ, "కప్పుల గింజలు కలిపి మూతి కట్టుండ్రి, ఇప్పుడే వస్త" అని పరుగెత్తింది.

ఐదూ ముప్పావు. కప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా బుర్ర తనకు తెలిసిన లెక్కే వేసింది. బరువు తక్కువైతే చూసీ చూడనట్టు వదిలేసినా వదిలేస్తారు, కాదంటే ఉత్తరం రాస్తారు. గింజ కలగలుపైతే కొట్టిపారేస్తారు, ఇంక అప్పీలూ లేదు ఏమీ లేదు. ఆమె కళ్లు పొరబడితే? చదువుకోని మనిషి, అలసిపోయి వచ్చింది, ఆశ మీద ఉంది. నిజం చెప్పాలంటే ఇవన్నీ సాకులు. నాకు కనపడనిది ఆమెకు కనపడుతుందంటే నేను నమ్మలేదు. కప్పును హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సంచి మూతి కట్టేశాను.

ఆమె తిరిగివచ్చి సంచిని ఒకసారి చేతిలో ఎత్తి చూసింది. నా వైపు చూసింది. కొరియర్ వాడికి అందించి, దండం పెట్టుకుంది.

నాలుగు వారాలకు ఉత్తరం వచ్చింది. విత్తనం చెప్పిన బరువు లేదు, ఈ అదనుకు తీసుకోలేం, వచ్చే ఏడాది మళ్లీ పంపండి. తగ్గింది ఆ అరవై గ్రాములే. ఆమెకు మాత్రం, "వాళ్ల తూకం తేడా అయ్యుంటుంది" అని చెప్పాను. ఆమె తలూపింది. నోరు తెరిచి నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు, అందుకని అబద్ధం చెప్పాను.

ఆ కప్పులోని గింజలు మా ఫ్లాటు బాల్కనీలో పెయింటు బకెట్లలో వేశాను. ఆమె పొరబడిందని తేలితే నా మనసుకు కాస్త ఊరట. ఎవరిదైనా తప్పని తేల్చడానికి అంత శ్రద్ధగా నీళ్లు పోసిన మనిషి ఇంకొకరు ఉండరేమో. ఆరు నెలలు కనిపెట్టుకుని ఉన్నాను. కాయ ముదిరాక మొదటి చెట్టు కాయ ఒలిచాను. గింజ తెల్లగా ఉంది. కన్ను చుట్టూ సన్నటి నల్లగీత, అచ్చం కాటుకే. రెండో చెట్టు, మూడో చెట్టు, అన్ని బకెట్లూ ఒలిచేశాను. ఒక్కటంటే ఒక్కటి పాతది లేదు.

మరుసటి రోజు ఆ గింజలు అదే కాగితం కప్పులో పోసి ఆఫీసుకు తీసుకెళ్లాను. ఆమె ప్యాంట్రీలో టీ గ్లాసులు కడుగుతోంది. తలుపు దగ్గరగా వేసి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె చేతులు తుడుచుకుని కప్పులో గింజలు వేలితో కదిపి చూసింది.

"గా దినమే సంచి తేలికగ తగిలింది మేడం" అంది.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరు సదువుకున్నోళ్లు. ఏదో తెలిసే తీసిండ్రనుకున్న."

ఆమె మళ్లీ కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులోనే, వెనక్కి తిరక్కుండా చెప్పింది: "ఈ ఏడు మా వదినె గూడ గాయన పాకీటే కొన్నది. బొమ్మ మంచిగున్నదంట. నా గింజనే నాకు సూపెట్టి, ఎంత మంచిగున్నదో సూడు అన్నది."

మళ్లీ మే వచ్చింది. తేదీకి పది రోజుల ముందే ఆమె సంచి తెచ్చింది. అత్త ఈసారీ గరిటెడు పాత కంది పోసే పంపింది. నేను ఒక్క గింజ కూడా ముట్టుకోలేదు. ఆమె ఏరుతుంటే ఎదురుగా కూర్చుని పళ్లెం పట్టుకున్నాను, అంతే. ఏరడం అయ్యాక మూతి ఆమే కట్టింది. సంచిని అరచేతిలో ఒకసారి ఎత్తి చూసుకుని, నా వైపు చాపింది.

"మీరు గూడ పట్టి సూడుండ్రి మేడం."

పట్టుకున్నాను. బరువు సరిగ్గానే ఉంది. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.