గొర్రెగొంతు బొబోరె

బొబోరె లిక్కెరి జీవితంలో మొదటి గెలుపు, వలయంలో నాలుగోవాడిగా నిలబడటం. అదెంత పని అనుకునేవాళ్ళు ఒరొనె ఊళ్ళో పుట్టినవాళ్ళు కారు. మా ఊరి పాట నలుగురి పాట. భుజానికి భుజం ఆనించి, ముఖాలు లోపలికి పెట్టుకుని, వీపులు లోకానికి చూపించి పాడతారు. ముందుగొంతు వాడు మాట అందుకుంటే, ఒకడు ఎద్దుగొంతు పడతాడు, ఒకడు గాలిగొంతు, ఇంకొకడు గొర్రెగొంతు. మంద వెనక తరతరాలుగా నడిచి నడిచి సంపాదించుకున్న గొంతులవి. నలుగురిలో ఒక్కడు తగ్గినా అది పాట కాదు, ముగ్గురు మగాళ్ళ గోల.

బొబోరె తండ్రి తత్తాను కొండప్రాంతమంతా పేరుమోసిన గొర్రెగొంతు. కొడుక్కి మాత్రం గొంతు ముక్కులోంచి వచ్చేది. ముందుగొంతు లారెంతు అతన్ని ఎన్నిసార్లు వెనక్కి పంపాడో లెక్కలేదు. "నీకు జలుబు చేసిందిరా, తగ్గాక రా" అనేవాడు, మండుటెండల్లో కూడా. బొబోరెకి పౌరుషం వచ్చింది. రెండు చలికాలాలు కొండమీది రాతిగుడిసెలో మందతోపాటు ఉండిపోయి, గొర్రె అరుపు గొంతులో ఏ మూల పుట్టి ఏ మూల గరగరలాడుతుందో వెతికి వెతికి పట్టుకున్నాడు. మరియమ్మ పండగనాడు తండ్రికి జ్వరం తగిలింది. లారెంతు చుట్టూ చూసి, వేరే దిక్కులేక, "రా, నిలబడు. పాడకపోయినా ఫర్వాలేదు, సందు కనబడకుండా ఉంటే చాలు" అన్నాడు. ఆ రోజు బొబోరె గొంతు విప్పితే, చర్చి మెట్ల పక్కన కట్టేసిన పొట్టేలు తల తిప్పి చూసింది. నవ్వకండి. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

అప్పటినుంచి ఆ చోటు బొబోరెదే. ఆ నలుగురూ సాధించినవి చెప్పుకుంటూపోతే పొద్దు చాలదు. మూడు లోయల పోటీలో వరసగా ఐదేళ్ళు బహుమతి పొట్టేలు మాదే. నూరో పట్టణంలో బిషప్పుగారు పాట మధ్యలో లేచి నిలబడ్డారు. సముద్రం దాటి పక్క దీవి కోర్సికా వెళితే, తమకన్నా పాడేవాళ్ళు భూమ్మీద లేరనుకునే ఆ కోర్సికావాళ్ళు టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. లారెంతు ముందుగొంతు, జిజ్జు గాలిగొంతు, బాకిస్ ఎద్దుగొంతు, బొబోరె గొర్రెగొంతు. బాకిస్ చెల్లెలు గ్రాస్సియాని బొబోరెకి ఇచ్చి చేశారు కాబట్టి వలయంలో సగం చుట్టరికం కూడా. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

రోమ్ నుంచి సాంతరెల్లి వచ్చింది అలాంటి మంచి రోజుల్లోనే. సినిమా తీసే మనిషి. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే బొమ్మ ఒకటి తలపెట్టాడు. ఒక పశువుల కొట్టంలో గాడిద, కోడిపుంజు, పంది, బెలీనా అనే గొర్రె చేరి పాడతాయి. రాత్రికి రాత్రి దేశమంతా వాటి పేరే మోగిపోతుంది. అవి పట్నానికి పోయి పెద్ద హోటల్లో చిక్కుకుని నానా అవస్థా పడతాయి. మిగిలిన జంతువులకి పట్నంలోనే గొంతులు దొరికాయట. గొర్రె దొరకలేదు. దొరుకుతుందా మరి?

గొర్రెలదొడ్డి ముందు సాంతరెల్లికి బల్ల వేశారు. కాల్చిన పందిపిల్ల, కరకరలాడే పల్చటి రొట్టె, గొర్రెపాల చీజు, నల్లటి ద్రాక్షసారా. అతిథి తిన్నాడు, తాగాడు, పాట విని కళ్ళు తుడుచుకున్నాడు. "రెండు మూడు వారాలు నాతో రోమ్ వస్తే చాలు" అన్నాడు. అడిగింది అంతే.

బొబోరె ఆగి ఉంటే బాగుండేది. సారా తలకెక్కింది, అతిథి మెచ్చుకోలు ఇంకాస్త పైకెక్కింది. పశువుల సంతలో చాపినట్టు చెయ్యి చాపి, "రెండు వారాలేమిటయ్యా! ఈ గొంతు నీది. నువ్వు చాలనేదాకా ఇంకెక్కడా ఎత్తను" అన్నాడు. సాంతరెల్లి సరదాపడి చెయ్యి కలిపాడు. సాక్షిగా బాకిస్ లేచి, కలిసిన రెండు చేతుల మీదా అరచేత్తో ఒక్క దెబ్బ వేసి విడగొట్టాడు. అంతే, బేరం కుదిరిపోయింది. మా దగ్గర ఆ దెబ్బ పడ్డాక వెనక్కి పోవటం లేదు. పోయినవాడికి సంతలో ఎవడూ మేక తోక కూడా అమ్మడు. సాంతరెల్లి మాత్రం మంట పుట్టిన చెయ్యి ఊపుకుంటూ, ఇంకోసారి కొట్టమని అడిగి ఫోటో తీయించుకున్నాడు.

రోమ్‌లో బొబోరెని అద్దాల గదిలోకి పంపారు. చెవులకి తొడుగులు పెట్టారు. చుట్టూ ఎవరూ లేరు. ఎవరి భుజమూ తగలకుండా పాడటం అతనికి అదే మొదలు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి మూడు కుర్చీలు అడిగి తెప్పించుకుని, వాటికి మూడు కోట్లు తగిలించి, మధ్యలో తలదూర్చి పాడాడు. అద్దం అవతల యంత్రం నడిపే ఒర్నెల్లా నవ్వాపుకోలేక బల్లకింద దూరింది. కాని గొంతు మాత్రం వచ్చింది. ఎలాంటి గొంతు!

సినిమా ఆడింది చూడండి, అలా ఇలా కాదు. బడిపిల్లల సంచుల మీద బెలీనా, ఐస్‌క్రీం కప్పుల మీద బెలీనా. ఇటలీ మొత్తం మీద ఏ ఊరి కుర్రాడైనా ఇంత పేరు తెచ్చుకున్నాడా? మా మేయరు ఊరి మొదట్లో బోర్డు పెట్టించాడు.

పనైపోయిందనుకుని బొబోరె సాంతరెల్లి దగ్గరికి వెళ్ళి, "మరి చెయ్యి విడిపిస్తావా?" అన్నాడు.

"ఏ చెయ్యి?"

బొబోరె అంతా విడమరిచి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. సాంతరెల్లి మొదట తెల్లబోయి, తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే, నేను చాలనేదాకా నువ్వు ఇంకెక్కడా పాడవు?"

"మాటిచ్చాను కదా."

"అయితే నేనింకా చాలనలేదు బొబోరె" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకి తాళంచెవి లేదు. అతన్ని ఎవరూ కట్టెయ్యలేదు, తలుపులు తెరిచే ఉన్నాయి, ఓడలు రోజూ నడుస్తూనే ఉన్నాయి. అయినా ఐదో అంతస్తు గదిలో బొబోరె బోనులో పెట్టినట్టే బతికాడు. కిటికీ తెరిస్తే ఎదుటి కిటికీ. కిందకి దిగితే కాఫీ కొట్టువాడు "బెలీనమ్మా, ఒక్కసారి బే అను, కాఫీ నా లెక్క" అనేవాడు. సినిమా ప్రచారానికి బట్టల దుకాణాల్లో గొర్రెవేషం తొడిగి నిలబెట్టేవారు. పిల్లలు తోక పట్టుకుని లాగేవారు. ఒకామె అతని చెవిలో మైకు పెట్టి, "గొర్రెగా ఉండటం ఎలా ఉంది?" అని అడిగింది. "గొర్రెకి నయం. సాయంత్రానికి దొడ్డికి తోలతారు" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. అతను నవ్వలేదు.

క్రిస్మస్‌కి ఊరొచ్చాడు. సారాకొట్టులో లారెంతు, జిజ్జు, బాకిస్ వలయం కట్టి నాలుగో చోటు వదిలారు. బొబోరె అలవాటుగా వెళ్ళి నిలబడ్డాడు. లారెంతు అందుకున్నాడు, ఎద్దుగొంతు లేచింది, గాలిగొంతు చేరింది. బొబోరె నోరు మూసుకుని నేలచూపులు చూశాడు.

"పాడరా!"

"ఇచ్చేశాను అన్నా."

"ఏం ఇచ్చావు? గొంతేమైనా చొక్కానా, విప్పి ఇవ్వడానికి? మీ నాన్న ఇచ్చినదాన్ని అమ్మే హక్కు నీకెవడిచ్చాడు?"

లారెంతు చేతికర్ర అందుకున్నాడు. అప్పటికే అతని మోకాళ్ళు మాట వినటం మానేశాయి. "నేను నిలబడగలిగేది వచ్చే మరియమ్మ పండగ వరకే. ఆరోజు వలయంలో నువ్వు లేకపోతే మన పాట అక్కడితో సరి. ఏటి అవతలి ఊరివాళ్ళు మన చర్చి ముందు పాడతామని ఇప్పటికే కబురు పెట్టారు" అన్నాడు. ఏటి అవతలివాళ్ళు! వాళ్ళ గొర్రెగొంతు వింటే తోడేలు కూడా జాలిపడి వదిలేస్తుంది.

తిరిగి రోమ్ చేరాక భార్య ఫోన్లలోనూ అదే బాధ.

"నీ మంద నా పిలుపుకి కదలటం లేదు. ఫోన్లో ఒక్కసారి ఆ గొంతు ఎత్తు, దొడ్డి దగ్గర పెద్దగా పెడతాను" అంది గ్రాస్సియా.

"ఎత్తకూడదు."

"గొర్రెలకి కూడానా? మంద ఏం పాపం చేసిందయ్యా? నిన్నుగాక ఆ పొట్టేలుని కట్టుకున్నా ఇంటిపట్టున ఉండేది!"

ఫోన్ పెట్టేశాక అతను తలగడలో ముఖం దాచుకుని ఆ గొంతు లోలోపలే ఉందో లేదో తడుముకునేవాడు. పైకి మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఎండాకాలం మొదట్లో బెలీనా రెండో సినిమా వచ్చింది. నూరోలో పిల్లలతోపాటు బాకిస్ కూడా వెళ్ళి కూర్చున్నాడు. తెరమీద గొర్రె నోరు తెరిచింది. కిచకిచ, కిచకిచ! బాకిస్ సగంలో లేచి బయటికొచ్చి, నేరుగా రేవుకి పోయి ఓడెక్కాడు.

"ఏమిటి బావా అది?" అన్నాడు రోమ్‌లో బొబోరె గదిలో అడుగుపెడుతూనే. "ఎలకనేమైనా పెట్టారా?"

బొబోరె ముఖం తిప్పుకున్నాడు. "నాదే. యంత్రంలో వేసి సన్నం చేస్తున్నారు. అలాగైతే పిల్లలు ఎక్కువ నవ్వుతారట."

"నీకు తెలుసా? తెలిసి ఊరుకున్నావా?"

"చెయ్యిచ్చినవాణ్ణి. కొనుక్కున్నవాడు ఏం చేసుకుంటే నాకేం?"

"అలాగా? నీ దగ్గర గొర్రెని కొన్నవాడు చెవిగుర్తు మారిస్తే ఊరుకుంటావా?"

బొబోరె చప్పున తలెత్తాడు. మా మందల్లో గొర్రె చెవికి పెట్టే కోతే దాని ఊరూ పేరూ. ఎవరి చేతికి మారినా ఆ కోత అలాగే ఉండాలి. దాన్ని చెరిపి కొత్త కోత పెట్టినవాడు దొంగకన్నా హీనం. వాడితో చేసిన ఏ బేరమూ నిలవదు, ఏ దెబ్బా చెల్లదు. చిన్నప్పటినుంచీ ఎరిగిన మాటే. తన గొంతుకీ అది వర్తిస్తుందని అతనికి తోచలేదు, అంతే.

మర్నాడు ఇద్దరూ సాంతరెల్లి ఆఫీసుకి వెళ్ళారు. బాకిస్ మామూలుగా మాట్లాడితేనే బల్లమీది గ్లాసులు వణుకుతాయి.

"బాబూ, ఆ బేరానికి సాక్షిని నేను. నువ్వు కొన్నది గొర్రెని. ఇప్పుడు నీ దగ్గరున్నది ఎలక. చెవి కోశావు. బేరం పోయింది."

"ఎవరి చెవి?" అన్నాడు సాంతరెల్లి, తన చెవి తడుముకుంటూ. "చూడు, మీవాణ్ణి నేను కట్టేశానా? ఉన్నదీ తనే, ఉంటానన్నదీ తనే. మూడో సినిమా కూడా మొదలుపెడుతున్నాం. అతను లేకుండా బెలీనా ఎక్కడిది?"

మూలన కూర్చుని కాగితాలు సర్దుతున్న ఒర్నెల్లా తలెత్తకుండానే అంది. "యంత్రంలో వేశాక ఎవరిదైనా ఒకటే కదండీ. మొన్న నా గొంతు పెట్టి చూశాను. మీరే గుర్తుపట్టలేదు."

బొబోరెకి ఆ మాట గుండెలో దిగింది. విడుదల కోసం ఇన్నాళ్ళు తపించినవాడికి, తీరా వచ్చేసరికి అది తనని అక్కర్లేదన్న మాటగా వచ్చింది. ఆ కిచకిచలకోసమా తన మంద పిలుపు కూడా దాచిపెట్టుకున్నది?

"నిజమేనా?" అన్నాడు.

"ఏమనుకోకండి" అంది ఒర్నెల్లా. "మొదటి సినిమాలోది మాత్రం మీరు తప్ప ఎవరూ పాడలేరు. అది నేను ఇంట్లో ఒక్కదాన్నీ ఉన్నప్పుడు పెట్టుకుని వింటాను."

సాంతరెల్లి ఇద్దరివంకా చూసి భుజాలు ఎగరేశాడు. "సరే. చాలు. చాలన్నాను, సరేనా?"

"నోటితో కాదు" అన్నాడు బాకిస్. "చెయ్యి ఇలా తే."

సాంతరెల్లి బల్ల మీదుగా చెయ్యి చాపాడు. బొబోరె పట్టుకున్నాడు. బాకిస్ ఈసారి వేసిన దెబ్బకి పక్కగదిలోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. సాంతరెల్లి ఫోటో అడగలేదు.

వీధిలోకి రాగానే బాకిస్ ఆగాడు. "ఎత్తు బావా. ఒక్కసారి. విందాం."

బొబోరె గొంతు సవరించుకున్నాడు, చేత్తో చెవి మూసుకున్నాడు, మళ్ళీ చెయ్యి దించేశాడు. "ఇద్దరమేగా. లారెంతు లేడు, జిజ్జు లేడు. ఎక్కడ ఆనుకోను?"

"భయమా?"

"భయమే. లోపల ఉందో లేదో."

"ఉంటుందిలే. ఓడకి టికెట్టు తీస్తా పద, రేపటికి."

"రేపు కాదు" అన్నాడు బొబోరె నసుగుతూ. "సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పిల్లలకి వేషం వేస్తానని ఒప్పుకున్నా. ఆగస్టు పదమూడు దాకా."

బాకిస్ నడిరోడ్డుమీద రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "మళ్ళీ చెయ్యిచ్చావా?"

"లేదు లేదు, నోటిమాటే. కాని పిల్లలు కదా."

బాకిస్ ఒంటరిగానే తిరిగొచ్చాడు. సంగతి విని లారెంతు జిజ్జుని పిలిచి, ఏటి అవతలివాళ్ళకి మా చర్చి ముందు చోటు ఖాళీ లేదని చెప్పి రమ్మన్నాడు. "గొంతు పోయి ఉంటే?" అని జిజ్జు అడిగాడు. "పోయి ఉంటే జలుబనుకుందాం. అయినా నిలబెడతాం" అన్నాడు లారెంతు. అప్పటినుంచి రోజూ సాయంత్రం గోడ పట్టుకుని నిలబడటం సాధన చేస్తున్నాడు. గ్రాస్సియా మందని పైకొండకి తోలలేదు, ఇంటి వెనక చేల్లోనే ఉంచింది.

పండగ ఆగస్టు పదిహేను. బొబోరె ఎక్కే ఓడ మా దీవిలోని ఒల్బియా రేవుకి చేరేది ఆగస్టు పద్నాలుగు పొద్దున.