అత్త బీరువాలో మామయ్య చేను

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే మీరు నమ్మరు.

నరసరావుపేటలో నాకో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఎంసీఏ చదివాను కాబట్టి కీబోర్డుల్లోంచి బొద్దింకల్ని శాస్త్రీయంగా తీస్తాను. ఇన్నేళ్ళలో 'దానంతటదే అయిపోయింది సార్' అంటూ వచ్చిన ప్రతి కంప్యూటర్ వెనకా ఒక మనిషి వేలు దొరికింది. నా అపనమ్మకానికి అంతకు మించిన వేదాంతం ఏమీ లేదు.

మా అమ్మ తమ్ముడు సాంబయ్య మామయ్య మాచవరం దగ్గర మిరప రైతు. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయాక పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడమంటే, పొద్దస్తమానం మా సీతారత్నం అత్త వంటకి వంకలు పెట్టడం. అత్త నాకు ఫోన్ చేసి, "ఏదో ఒకటి చూడరా అబ్బాయ్, లేకపోతే ఈయన్ని నేనే చంపేస్తా" అంది. షాపులో మూలన పడున్న కంప్యూటర్‌లో ట్రాక్టరుతో వ్యవసాయం చేసే ఆట ఒకటి ఎక్కించి ఇచ్చాను.

రెండేళ్ళు ఆడాడు. ఆడుతున్నాడంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు, "చేలో ఉన్నా" అనేవాడు. అది విదేశాల వాళ్ళ ఆట, అందులో మిరప లేదు. మొక్కజొన్న వేసి మిరప అనుకున్నాడు. కోసేటప్పుడు ఈశాన్యం మూల కాస్త పైరు వదిలేసేవాడు, పిట్టలకి. ఆ ఆటలో పిట్టల్లేవు మామయ్యా అంటే, "రాకేం జేస్తయ్ లేరా, చానా టైముంది" అన్నాడు.

ఆయనకి లేకపోయింది. మొన్నటి ఎండాకాలం గుండెపోటుతో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక మంచం, చెప్పులు, చేతికర్ర అన్నీ ఇచ్చేశారు. కంప్యూటర్ దగ్గరికి మాత్రం అత్త ఎవర్నీ రానివ్వలేదు. అప్పటికే దాని హార్డ్ డిస్క్ టకటకమంటోంది. అదెంతోకాలం ఉండదని చెప్పాను.

"ఆ చేను పోకూడదురా. అసలు చేను ఎవడో దున్నుకుంటున్నాడు, ఇదన్నా ఆయన పేరున ఉండనీ" అంది.

ఆటలో మనం దాచుకున్నవి ఆట ఉన్న ఫోల్డర్లో ఉండవు. డాక్యుమెంట్స్‌లో ఎక్కడో లోపల ఉంటాయి. ఈ సంగతి తెలియక ఆటని భద్రంగా కాపీ చేసుకుని, పడిన కష్టాన్ని ఫార్మాట్ చేసుకున్న మహానుభావులు మా షాపుకి చాలామంది వచ్చారు. నాకు తెలుసు కాబట్టి నేరుగా వెళ్ళాను. ఫోల్డర్లు పదకొండున్నాయి, పంటకొకటి. ఫోల్డర్ల నంబర్లు ఆట తనే వేసుకుంటుంది, లోపలి పేరు మాత్రం ఆడేవాళ్ళు పెట్టుకోవాలి. ఆట తెరిచి చూస్తే మామయ్య పెట్టిన పేర్లు రెండు నుంచి పదకొండు దాకా ఉన్నాయి. ఒకటి లేదు. దాని చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని ఏదో ఉంది. వైరస్ అనుకున్నాను.

"అత్తా, మొదటి పంట పోయినట్టుందే."

"ఏంది పోయేది? కల్లంలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అని ఎవడన్నా అంటాడంట్రా? మొదటి కుంచం లాభం. తర్వాత రెండు. ఇంతేనా మీ కాలేజీలో చెప్పింది?"

కాలేజీలో అది చెప్పలేదు.

పదకొండూ నా లాప్‌టాప్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. చివరిది తెరిచి అత్తకి చూపించాను. మొక్కజొన్న పండి నిలబడి ఉంది. కోయకుండానే పోయాడు.

"కొయ్యనా అత్తా?"

"ముట్టుకోబాక. అది ఆయన చేను."

హార్డ్ డిస్క్ ఊడదీసి ఇచ్చాను. అత్త దాన్ని మామయ్య కండువాలో చుట్టి బీరువాలో పెట్టి తాళమేసింది. తాళం చెవి ఆమె కొంగున ఉంటుంది. స్నానానికెళ్ళినా ఆ చెవి వెంటే వెళుతుంది.

ఆరో నెల మాసికానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య పెదనాన్న కొడుకు, వరసకి అన్న, వీరయ్య గారు ఆ డిస్క్ సంగతి ఎత్తారు. ఎవరో సిద్ధాంతిని అడిగి వచ్చారట.

"పోయినోడి వస్తువు ఇంట్లో ఉంటే వాడు ఇల్లొదిలి పోడంట. ఒరేయ్ అబ్బాయ్, సాయంత్రానికల్లా దాన్ని తీసకపోయి కృష్ణలో పడేసిరా."

అత్త లేచి బీరువా తీసి, కండువా మూట నా ఒళ్ళో పెట్టింది. "పారేసేముందు ఒకసారి చూపించు. నీ కాపీ కాదు, ఇందులోదే."

ఆ డిస్క్‌ని నా లాప్‌టాప్‌కి తగిలించాను. టకటకమంటూనే తెరుచుకుంది. ఫోల్డర్లు పన్నెండున్నాయి.

రెండుసార్లు లెక్కపెట్టాను. ఎంసీఏ వాణ్ణి, పన్నెండు దాకా లెక్కపెట్టగలను. పన్నెండో దాని తేదీ అంతకు రెండు నెలల ముందుది, ఉదయం పదింటిది. అప్పటికి డిస్క్ కండువాలో, కండువా బీరువాలో ఉన్నాయి.

లాప్‌టాప్‌లోని ఆటకి ఈ డిస్క్ ఫోల్డర్లే చూపించి తెరిచాను. పదకొండు కింద ఇంకో పేరుంది. పన్నెండు కాదు. లాభం.

అందులో మొక్కజొన్న కోసేసి ఉంది. చేనంతా దున్ని ఉంది. ఈశాన్యం మూల మాత్రం కాస్త పైరు నిలబడి ఉంది.

వీరయ్య గారు లేచి నిలబడ్డారు. "చూశావా? చెప్పానా? పద, ఇప్పుడే పడేద్దాం."

"ఎందుకు బావగారూ?" అంది అత్త.

"ఎందుకేంది? నీకు భయం లేదామ్మా?"

"బతికున్నప్పుడే ముప్పయ్యేళ్ళు ఆ మనిషికి భయపళ్ళా, ఇప్పుడు భయపడతానా? దున్నుకుంటున్నాడు, దున్నుకోనీయండి. ఆయన ఇంట్లో ఆయన తిరిగితే సిద్ధాంతికి ఏంది నొప్పి?"

వీరయ్య గారు తన భుజం మీది కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు మాసికాలకి వస్తున్నారు గానీ భోజనం వసారాలోనే కానిస్తున్నారు.

నేనింకా తెర వైపే చూస్తున్నాను. "పన్నెండు అని ఉండాలి కదత్తా" అన్నాను, అక్కడికి అదొక్కటే విడ్డూరమైనట్టు.

"పాత గింజల రాశి కొలవడం అయిపోయిందిరా. కొత్త రాశి మళ్ళీ లాభంతోనేగా మొదలెట్టేది" అని, తెర మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

అలవాటు ప్రకారం వేలు ఎవరిదో వెతికాను. ఈశాన్యం మూల సంగతి తెలిసినవాణ్ణి నేను, కాబట్టి మొదటి ముద్దాయిని నేనే. కానీ నేనైతే పన్నెండు అని రాసి దొరికిపోయేవాణ్ణి. అత్తకి లాభం సంగతి తెలుసు, అయితే ఆవిడ మౌస్‌ని తుడవడానికి తప్ప పట్టుకోదు. తేదీ తప్పు పడి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. అయితే తప్పు తేదీ మొక్కజొన్న కొయ్యదు. నా లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఇప్పటికీ పదకొండే ఉన్నాయి, పంట కోయకుండానే ఉంది. బీరువాలో కరెంటు ప్లగ్గు లేదు. ఉందేమోనని చీరలన్నీ తీసి మరీ చూశాను, తిట్లు తిన్నాను.

గుంటూరులో డేటా రికవరీ చేసే ఒకాయనకి చూపించాను. రెండు రోజులుంచుకుని, "ఎవరో ఆడారు సార్" అని తేల్చాడు. అంతవరకూ నాకూ తెలుసు.

డిస్క్ కృష్ణలో పడలేదు. మళ్ళీ కండువాలో, బీరువాలో ఉంది. అత్త ఫోన్ చేసినప్పుడల్లా, "విత్తనం ఎప్పుడేస్తాడో, వచ్చి చూడరా" అంటుంది. వెళతాను. భయమేం లేదు, మినపట్లు కూడా వేస్తుంది.

దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. దీనికి నా దగ్గర వివరణ కూడా లేదు. ఆ కొత్త లాభాన్ని మాత్రం మూడు చోట్ల కాపీ చేసిపెట్టాను.