మబ్బు చూసి వచ్చే విమానం

ఉద్యోగంలో చేరాల్సిన మొదటి రోజు, బడికి వెళ్ళకుండా ఇంటికి తిరిగిపోదామని బస్సులో లేచి నిలబడిన సంగతి నేను అమ్మకు కూడా చెప్పలేదు. ఆడవాళ్ళ సీట్లు నిండిపోయి, వెనక కిటికీ పక్కన కూర్చున్నాను. గౌలిపుర దాటాక లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

పక్కనున్న ముసలాయన నవ్వారు. "ఏంది బిడ్డా, దిగుతవా, కూసుంటవా? జరిగి జరిగి నా మోకాళ్ళు అరిగిపోతున్నయ్."

కొత్త టీచర్నని, పిల్లల ముందు నోరు పెగలదేమోనని భయంగా ఉందని గొణిగాను. తెలియనివాళ్ళతో నేను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

బయట మబ్బు పట్టింది. దాన్ని చూస్తూ ఆయన తన వైమానిక దళం రోజుల గురించి చెప్పారు. పొద్దున్నే అందరికంటే ముందు ఆయన ఉండే విమానం ఒక్కటే పైకి వెళ్ళేదట. మబ్బులు ఎంత కిందికి ఉన్నాయో, వాన ఎటు కదులుతోందో చూసి కిందివాళ్ళకు వైర్‌లెస్‌లో చెప్పడం ఆయన పనట. అది విన్నాకే మిగతా విమానాలు లేచేవట.

"మీకు భయం వేసేది కాదా అండీ?"

"మస్తు అయితుండె. ఒకపారి దూరం నుంచే మబ్బును చూసి, లోపల ఖరాబుంది, ఎవ్వరూ రావద్దు అని చెప్పేసిన. పైలట్ సాబ్ మస్తు తిట్టిండు."

ఎందుకు తిట్టారని అడిగేలోపే ఆయనే అడిగారు. "నువ్వు చెప్పు, నీ క్లాసుల ఏం కనబడుతుంది?"

"పిల్లలందరూ నన్ను చూసి నవ్వుతున్నారు."

"నువ్వింకా లోపలికి పోనే లేదు గద బిడ్డా. పోయి చూసినంక చెప్పు."