తల కొట్టిన పైలి

చిన్నమ్మికి నాలుగు భాషలు వచ్చు, సంతకం రాదు. ఇంట్లోకి తెలుగు, సంతలోకి గోండి, గీదం షావుకార్లతో బేరానికి హల్బీ, బస్సు కండక్టరుతో పోట్లాటకి హిందీ. నేను ఎం.ఏ., పీహెచ్‌డీ. ఆమె లేకపోతే నా పరిశోధన మొదటి పేజీ దాటేది కాదు. ఆ పరిశోధనతో నేను చేయబోయిన పాపం కూడా ఆమె లేకపోతే ఆగేది కాదు. ఈ రెండో సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కృతజ్ఞత అనే మాటంటే నాకు కొంచెం చిరాకు, సన్మాన సభల్లో బాగా నలిగిపోయిన మాట. వేరే మాట దొరకలేదు కాబట్టి దానితోనే సరిపెట్టుకుంటున్నాను.

నా పేరు భానుశ్రీ. బస్తర్‌లో, బచేలి ఇనుప గని కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. మా నాన్న గనిలో పని చేసేవాడు. మీ ఊరేదంటే విజయనగరం దగ్గర అని చెప్పేవాళ్ళం, అక్కడికి వెళ్తే మాత్రం 'బచేలి వాళ్ళొచ్చారు' అనేవాళ్ళు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో ఒప్పందం మీద ఉద్యోగం. నా పని దక్షిణ బస్తర్ వారపు సంతల మీద: ఏ సరుకు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుంది, పెట్టుబడి ఎవరు పెడతారు, ఆ వ్యాపారంతో ఏ ఊరు ఎదిగింది, ఏ ఊరు ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. ఇవన్నీ తేలుస్తానని దరఖాస్తులో రాశాను. అప్పటికి నేను మద్దేడు సంత చూడనైనా లేదు.

మద్దేడు సంతలో మొదటిసారి దిగినప్పుడు, మూటల మధ్య కూర్చున్న ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏంది బిడ్డా, సర్వే దానివా, నర్సువా?" అంది. అదే చిన్నమ్మి. యాభై అయిదేళ్ళుంటాయి. పదహారేళ్ళకు కాపురానికి వస్తే, రెండో వారమే అత్త ఆమె నెత్తిన ఉప్పు మూట పెట్టి సంతకు నడిపించిందట. అప్పటినుంచి అదే బతుకు. ఉప్పు, ఉల్లిగడ్డ, ఎండుచేపలు ఊళ్ళవాళ్ళకు అమ్ముతుంది. వానాకాలంలో చేతిలో పైసా లేనివాళ్ళకు ముందే ఇస్తుంది. వేసవిలో వాళ్ళ దగ్గర ఇప్పపువ్వు, చింతపండు కొని బస్సు మీద గీదం పెద్ద సంతకు పంపుతుంది. భర్త మేకలు చూసుకుంటాడు, మాట తక్కువ. "ఇద్దరి మాటలు నేనే మాట్లాడుత" అంటుంది.

ఇలాంటి చిన్న కొనుగోలుదార్లను ఇక్కడ కోచియాలంటారు. పుస్తకాల్లో ఆ మాటను దళారి అని రాస్తాం. దళారి అనగానే చదివేవాళ్ళకు బొజ్జా, వేళ్ళకు ఉంగరాలూ కనపడతాయి. చిన్నమ్మికి బొజ్జ లేదు. ఉన్న ఒక్క ఉంగరం వెండిది, అదీ వేలికి బిగుసుకుపోయి ఊడి రాదు కాబట్టి ఉంది.

నాకు గోండి రాదు. రెండేళ్ళపాటు సంతల్లో నా నోరూ చెవీ ఆమే. ఒకసారి ఒక ముసలమ్మ చేతులు తిప్పుతూ చాలాసేపు తిట్టింది. చిన్నమ్మి అంతా విని నావైపు తిరిగింది.

"రాస్కో బిడ్డా. కోచియాలంత దొంగలంట. అందరిల నేను పెద్ద దొంగనంట. పోయినేడు మెత్తబడ్డ ఎండుచేపలు అంటగట్టిన్నంట."

"నిజమేనా పిన్నీ?"

"మెత్తబడ్డది నిజమే, వానకు తడిసినయి. అంటగట్టలే, చెప్పే ఇచ్చిన. అది గూడ రాస్కో, కింద."

రెండూ రాసుకున్నాను. తనమీద పడ్డ తిట్టును ఒక్క మాట కూడా తగ్గించకుండా అప్పజెప్పే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పపువ్వును ఇక్కడి సంతల్లో తూచరు, కొలుస్తారు. కొలిచే పాత్ర పేరు పైలి. నేను చదువుకున్నదాన్ని కదా, మొదటి నెల్లోనే గీదం సంతలో ఒక పైలి పువ్వు తూకం వేయించాను. ఎనిమిది వందల గ్రాములు వచ్చింది. ఇంకేముంది, రెండేళ్ళూ ప్రతి సంతలో పైలి ధర రాసుకోవడం, దాన్ని ఎనిమిది వందల గ్రాముల లెక్కన కిలోలకు మార్చుకోవడం. గీదంలో పైలి ముప్పై రెండు రూపాయలు, మద్దేడులో ఇరవై మూడు. నూటికి ఇరవై ఎనిమిది తేడా! కంప్యూటర్లో ఆ అంకె కనపడగానే, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. పరిశోధకులకు ఎక్కడైనా అన్యాయం దొరికితే పండగే.

రిపోర్టులో తేల్చి రాశాను. చిన్న సంతల్లో కోచియాలు పువ్వు ఏరే ఆడవాళ్ళను పావు వంతుకు పైగా ముంచుతున్నారు, కాబట్టి అక్కడ వాళ్ళ కొనుగోళ్ళు ఆపించి సరుకంతా గీదంలో ఒక్కచోటే కొనాలి. అటవీ సరుకుల కొనుగోలు మీద వేసిన ఒక కమిటీ ఆ సిఫారసు మీద గురువారం దంతెవాడలో నిర్ణయం తీసుకుంటుందని కబురొచ్చింది. మా డైరెక్టర్ సత్యమూర్తి గారు లడ్డూలు తెప్పించారు. నా ఒప్పందం ఇంకో మూడేళ్ళు పొడిగిస్తామన్నారు.

ఆ ఏప్రిల్‌లో, సమావేశానికి నాలుగు రోజుల ముందు, సంత రోజు చూసుకుని మద్దేడు వెళ్ళాను. చేతిలో రిపోర్టు, సంచిలో చిన్నమ్మికి ఒక చీర. రెండేళ్ళు తిప్పినందుకు థాంక్స్ చెప్పి వచ్చేద్దామని. చీర పక్కన పెట్టి, "ఏం రాసినవో చదువు" అంది. చదివాను. గురువారం దంతెవాడలో అందరి ముందూ దీనిమీద నిర్ణయం తీసుకుంటారనీ చెప్పాను. మధ్యలో మాత్రం, "ఇది నీ గురించి కాదు పిన్నీ, మొత్తం పద్ధతి గురించి" అన్నాను.

"పద్ధతి అంటె నేనే గద బిడ్డా, ఈడ కూసున్నది," అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "గీదంల నాకంటె తొమ్మిది రూపాయలు ఎక్కువ పెడ్తరా?"

"అవును."

"పైలికి?"

"పైలికే."

నన్ను తేరిపార చూసింది. "రెండేండ్లు నువ్వు ఏం చూసినవు?"

సరిగ్గా అప్పుడే ఇర్మా వచ్చింది. పక్క ఊరి గోండు రైతు, ఏళ్ళ తరబడి చిన్నమ్మికే పువ్వు అమ్మే మనిషి. పైలి నిండి పొర్లేదాకా పువ్వు పోసింది. తర్వాత అరచేతిని పైలి మీదుగా మెల్లగా పోనిచ్చింది. అంచు పైన ఉన్న పువ్వంతా మళ్ళీ తన బుట్టలోనే పడింది. చిన్నమ్మి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఆ చేతిని నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను. నా రిపోర్టులో ఫోటోతో సహా ఉంది కూడా. 'నమ్మకాలు, ఆచారాలు' అనే భాగంలో. 'మద్దేడు ప్రాంతంలో అమ్మే స్త్రీలు కొలపాత్రను అరచేత్తో తాకి దీవిస్తారు' అని రాశాను.

"అది దీవెన కాదా?" అన్నాను. చిన్నమ్మి నవ్వలేదు. ఇర్మాకు గోండిలో చెప్పింది. ఇర్మా మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"తల కొడుతున్నది బిడ్డా," అంది చిన్నమ్మి. "గీదంల పైలి మీద కుప్ప పోస్తరు. ఈడ అంచుకు సమానం. మా అత్త కాలంల ఈడ గూడ కుప్పనే. కొనేటోడు పైలి చుట్టు రెండు చేతులు అడ్డం పెట్టెటోడు, కుప్ప లేస్తనే ఉండేది. ఒక అంగడినాడు ఆడోళ్ళంత బుట్టలు మూసుకొని కూసున్నరు. మా చెయ్యితోని తల కొడ్తేనే అమ్ముతం, లేకుంటె ఇంటికి తీస్కపోతం అన్నరు. మొట్టమొదలు సరేనన్నది మా అత్త. అప్పటిసంది ఈడ అంతే. కొనేటోళ్ళు పైలి ముట్టొద్దు."

ఉల్లిగడ్డల కొట్టతని తూకం మెషీన్ అడిగి తెచ్చాను. తల కొట్టిన పైలి ఆరు వందల గ్రాములు తూగింది. ఇర్మా అదే పైలి మీద కుప్ప పోస్తే ఎనిమిది వందలు. ఫోన్లో లెక్క కట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మద్దేడుకూ గీదానికీ తేడా కిలోకు రూపాయి డెబ్బై పైసలు. బస్సు కిరాయి, హమాలీ కూలి అందులోంచే పోవాలి. మిగిలిన చిల్లరే చిన్నమ్మి చేస్తున్న దోపిడి. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఆడవాళ్ళు పోరాడి గెలుచుకున్న న్యాయాన్ని నేను మూఢనమ్మకాల కింద రాసి, వాళ్ళ మాట మొదట ఒప్పుకున్న ఇంటిని దొంగలిల్లు అన్నాను.

"ఇప్పుడేం చేస్తవు?" అంది చిన్నమ్మి.

"చూస్తాను పిన్నీ."

ఎంత పిరికి మాట! అది నా నోట్లోంచి వచ్చిందంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బస్సెక్కాను.

సత్యమూర్తి గారు చెడ్డవారు కాదు. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పొరపాటు జరిగింది, సరే. మీటింగులో చెబితే నీ రెండేళ్ళ కష్టం, మన కేంద్రం పరువు రెండూ గంగలో కలుస్తాయి. వచ్చే పేపర్లో సవరిద్దామమ్మా. ఈలోపు నాలుగు చిన్న సంతలు ఆగితే కొంపలేం మునగవు."

మునుగుతాయి సార్, అనాలి. గీదం అక్కడికి వంద కిలోమీటర్ల పైమాట, ఇర్మా ఒక బుట్ట పువ్వు పట్టుకుని వెళ్తే బస్సు చార్జీలకే సరిపోతుంది, చిన్నమ్మికి ముప్పై తొమ్మిదేళ్ళుగా తెలిసిన పని అదొక్కటే, అనాలి. అనలేదు. మూడేళ్ళ ఉద్యోగం మీద నాకూ ఆశ ఉంది. ఆశ ఉన్న నోరు అంత తొందరగా తెరుచుకోదు. అన్నం సహించలేదు, పోనీ ధైర్యమైనా రాలేదు.

గురువారం దంతెవాడలో హాల్లోకి అడుగుపెడుతూనే గుమ్మం పక్క చివరి కుర్చీలో చిన్నమ్మి కనపడింది. ముందురోజే బయల్దేరి గీదంలో ఎవరింట్లోనో తలదాచుకుని వచ్చిందట. నావైపు చూసింది గానీ పలకరించలేదు. పలకరించడానికి నాకు ముఖం చెల్లలేదు.

నా వంతు వచ్చింది. తెర మీద ఇరవై ఎనిమిది శాతం, ఎర్రటి అక్షరాల్లో. హిందీలో నమస్కారాలు చెప్పాను, మంచినీళ్ళు తాగాను. ఇంక తాగడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"ఈ అంకె తప్పు," అన్నాను. "తప్పు నాది."

తర్వాత అంతా గబగబా వచ్చేసింది. కుప్ప పోసిన పైలి, తల కొట్టిన పైలి, ఆరు వందలు, ఎనిమిది వందలు, నేను దీవెన అనుకున్న చెయ్యి. ఎవరో నవ్వారు. సత్యమూర్తి గారు బల్ల మీది కాగితాల్లోకి చూస్తుండిపోయారు.

"మీరు ఈ మాట చెప్పకపోయి ఉంటే?" అని అడిగారు అధ్యక్షుడు.

"ఈరోజు మీరు సంతకం పెట్టేసేవారు సార్."

"మీకెవరు చెప్పారు?"

"మద్దేడు కోచియా. అదిగో, చివర కూర్చున్నారు."

ఆయన ఆమెవైపు తిరిగారు. రెండేళ్ళు ఈవిణ్ణి వెంటబెట్టుకుని తిప్పావట, నీకే ఎసరు పెడుతుందని తెలియలేదా అని అడిగారు. చిన్నమ్మి లేచి కొంగు సర్దుకుని హిందీలోనే జవాబిచ్చింది. ఇన్నేళ్ళలో మా అంగడి గురించి అడగడానికి ఎవరూ రాలేదు సాబ్, అడగడానికి వచ్చిన మనిషికి తోవ చూపించాలి కదా, తప్పు రాస్తే మళ్ళీ రమ్మంటాం, అంది.

ఆ సిఫారసు తీసేశారు. చిన్న సంతలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయన్నారు. మూడేళ్ళ ఉద్యోగం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బయటికి వస్తుంటే సత్యమూర్తి గారు, "ఆరు నెలలు ఇప్పిస్తాను, ప్రతి సంతలో పైలి తూచి మళ్ళీ రాయి," అని నావైపు చూడకుండా చెప్పి జీపెక్కారు. ఆయనకూ నేను రుణపడ్డాను.

బయట మెట్ల మీద చిన్నమ్మి కూలబడిపోయి ఉంది. నీళ్ళ సీసా ఇస్తే సగం మీద పోసుకుంది.

"భయమైంది బిడ్డా. నువ్వు చెప్పవనుకున్న," అంది. "ఆనాడు నువ్వు బస్సెక్కినంక ఇర్మాకు చెప్పిన, ఇగ నాకోసం పువ్వు ఎత్తిపెట్టకు, ఎవరికన్న అమ్ముకో అని."

"చెప్పననుకుంటే మరి ఎందుకొచ్చావు పిన్నీ, ఇంత దూరం?"

"ఒకవేళ చెప్తివనుకో? అంతమందిల ఒక్కదానివే నిలబడాలె గద."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఆఫీసు మెట్ల మీద, బంట్రోతులు చూస్తుండగా, ముక్కు తుడుచుకోవడానికి రుమాలైనా లేకుండా ఏడ్చాను. నన్ను నమ్మలేదు. నమ్మకుండానే వచ్చింది. ఇంతకు మించిన మేలు నాకు ఎవరూ చేయలేదు, చేసినా నేను తట్టుకోలేను.

ఆమె నా భుజం తట్టి, ఫోన్ ఇమ్మంది. ఇర్మా ఊళ్ళో ఫోన్ ఉన్న ఇంటికి నంబరు చెప్పి నాచేత కలిపించింది. అవతల ఎవరో ఇర్మాను పిలుచుకొచ్చేదాకా చెవికి ఆనించుకుని కూర్చుంది. తర్వాత గట్టిగా, వీధంతా వినపడేట్టు గోండిలో మాట్లాడింది. రెండేళ్ళలో నాకు అంటిన గోండి నాలుగు ముక్కలే గానీ, ఆ మాటలు మాత్రం అర్థమయ్యాయి.

"పువ్వు ఎవరికీ అమ్మకు. నేనొస్తున్నా."